ముందు గుమ్మం దాటినవాడు

"సావనీర్‌కి 'రాయబారిగా నా అనుభవాలు' అని రెండు పేజీలు రాయరా, సూటులో ఉన్న ఫొటో కూడా పంపు" అని మన స్కూలు బ్యాచ్ కమిటీ తరఫున జిరాఫీ మెసేజ్ పెట్టాడు. వాడి మాట కాదంటే ఏమవుతుందో ఎనిమిది 'బి' వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పంపుతున్నాను. ఫొటో మాత్రం స్కూల్‌డే నాటకంలోది.

అనుభవాలు ఎక్కడ మొదలెడదామన్నా తెలుగు మాస్టారే అడ్డం వస్తున్నారు. ముందు బెంచీ ఎవరిదన్న గొడవ మరిచిపోయారా? మన ట్యూబులైటు గాడి చొక్కా జేబు ఊడొచ్చింది, చైర్మన్ గారబ్బాయి ఇంటికెళ్ళి చెప్పాడు, మర్నాడు హెడ్మాస్టరు గారే క్లాసుకొచ్చారు. మాస్టారు తాపీగా లేచి, "ముందు గుమ్మం దాటినవాడికి ముందు బెంచీ. వాడు ఎవరబ్బాయైనా సరే, ఎన్ని మార్కులొచ్చినా సరే" అని తేల్చేశారు. అంతటితో వదిలారా? రెండు పక్షాలూ అవతలివాడి మీద ఫిర్యాదు రాసి తేవాలన్నారు. 'మహారాజశ్రీ'తో మొదలై 'చిత్తగించవలెను'తో ముగియాలి. ఒక్క తిట్టు కనబడకూడదు, కానీ చదివినవాడికి తప్పెవరిదో తెలిసిపోవాలి. బుల్లెట్ గాడు రాసిన ఫిర్యాదు అందరికీ కంఠతా వచ్చు కాబట్టి ఇక్కడ ఎత్తి రాయను. ఆడపిల్లలకి కూడా వచ్చని ఈమధ్యే తెలిసింది.

తర్వాత కాలేజీ, యూపీఎస్సీ పరీక్ష, ముస్సోరీలో శిక్షణ. విదేశాంగ సర్వీసులో నేర్చుకోవాల్సిన భాషగా నాకు అరబ్బీ ఇచ్చి కైరోలోని మన ఎంబసీకి పంపారు. థర్డ్ సెక్రటరీ అని పేరే గానీ పని మాత్రం మళ్ళీ అక్షరాలు దిద్దుకోవడం. భాష పరీక్ష గట్టెక్కితేనే ఉద్యోగం ఖాయమవుతుంది.

విందులకి కుర్చీలు సర్దే పని ఎప్పుడూ జూనియర్‌దే. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో అని టెన్షన్ పడుతుంటే సీనియర్ ఒకాయన 1961 నాటి వియన్నా ఒప్పందం తీసి 16వ అధికరణం చూపించారు. ఎవరి దేశం పెద్దది, ఎవరికి సైన్యం ఎక్కువ అన్నది లెక్కలోకి రాదు. రాయబారుల్లో ఎవరు ముందొచ్చి బాధ్యతలు చేపట్టారో వాళ్ళే ముందు. ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉన్న చిన్న ద్వీప దేశం రాయబారి, నిన్నగాక మొన్న దిగిన అమెరికా రాయబారి కంటే పైన కూర్చుంటాడు. ఈ రూలు ఊరికే రాలేదు. 1661లో లండన్‌లో స్వీడన్ రాయబారికి స్వాగతం చెప్పే ఊరేగింపులో ఎవరి బండి ముందుండాలని స్పెయిన్, ఫ్రాన్స్ రాయబారుల మనుషులు నడివీధిలో కొట్టుకున్నారు. ప్రాణాలే పోయాయి. మాస్టారు ఒక్క పూటలో తేల్చింది యూరప్ రాజ్యాలకి 1815 దాకా తెగలేదు. పోప్ ప్రతినిధికి కొన్ని దేశాల్లో ఇప్పటికీ అందరికంటే ముందు పీట వేస్తారు. మాస్టారి దగ్గర ఆ మినహాయింపూ లేదు.

ఇక ఫిర్యాదు సంగతి. రాయబార కార్యాలయం అక్కడి విదేశాంగ శాఖకి పంపే నోట్‌లో 'నేను', 'మీరు' ఉండవు. ఫలానా కార్యాలయం ఫలానా శాఖకు అభివందనాలు తెలుపుకుంటోంది అని ఎత్తుకుని, అత్యున్నత గౌరవ భావంతో ముగించాలి. మీ పోలీసులు మావాణ్ణి లోపలేసి మాకు చెప్పలేదన్న సంగతి ఆ మధ్యలో ఉంటుంది. పట్టుబడ్డ విదేశీయుడు కోరితే వాళ్ళ కాన్సులేట్‌కి ఆలస్యం లేకుండా తెలియజేయాలని 1963 నాటి ఒప్పందం. అది గుర్తుచేస్తూ నోట్లు చాలానే రాశాను. అభివందనాల దగ్గరికి రాగానే బుల్లెట్ గుర్తొచ్చేవాడు.

సూటూ గ్లాసూ అని గ్రూపులో మీరు వేసే జోకులు చూస్తూనే ఉన్నాను. గల్ఫ్‌లో ఉన్నన్నాళ్ళూ నా టేబుల్ మీద ఎక్కువగా ఉన్నవి మరణ పత్రాలు. అక్కడ పోయిన మనిషి ఇల్లు చేరాలంటే ఆసుపత్రి కాగితం, పోలీసు క్లియరెన్స్, ఇంటివాళ్ళ అనుమతి, శవం పాడవకుండా మందు పట్టించినట్టు ఎంబామింగ్ సర్టిఫికెట్, రద్దు చేసిన పాస్‌పోర్టు, అన్నీ ఉండాలి. పాస్‌పోర్టేమో కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని, దగ్గరుంటుంది, కఫీల్ ఫోనెత్తడు.

ఒకసారి రూళ్ళ కాగితం మీద ఉత్తరం వచ్చింది. 'మహారాజశ్రీ రాయబారి అయ్యగారికి' అని మొదలు. ఎవరితోనో రాయించినట్టుంది, కింద వేలిముద్ర. కొడుకు దగ్గర్నుంచి ఫోన్ లేదట, బతికున్నాడో లేదో కనుక్కోమని. ఆఫీసులో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కుర్రాడు దొరికాడు. ఊరి బయట లేబర్ క్యాంపులో, జీతం లేదు, పాస్‌పోర్టు లేదు. అక్కడ అందరూ ఔట్‌పాస్ అనే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇచ్చి, సంక్షేమ నిధిలోంచి టికెట్ కొని విమానం ఎక్కించాం. ఈ ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన రోజు అదే. ఉత్తరం ఫైల్లో ఉండిపోయింది. ప్రభుత్వ ఆస్తి, తెచ్చుకోవడానికి లేదు.

ఆ తర్వాత రెండు ఖండాలు దాటేస్తున్నాను. అందులో చెప్పుకోదగ్గవి చెప్పకూడదు, చెప్పగలిగినవి చెబితే మీరు నిద్రపోతారు. మా అమ్మాయి మాత్రం ఏ స్కూల్లోనూ కుదురుగా చదవలేదు. ఇలాంటి సంచికకి రాయమని దాన్ని ఎవరూ అడగరు. మనం ఆరు నుంచి పది దాకా అవే మొహాలు చూసుకుని విసుక్కున్నాం.

చివరికి రాయబారినయ్యాక, రాష్ట్రపతి గారు సంతకం చేసిన పత్రం పట్టుకుని పరాయి దేశాధ్యక్షుడి ముందు నిలబడ్డాను. మన జాతీయ గీతం వాయించారు. ఆ తర్వాత జరిగిన మొదటి విందులో నా కుర్చీ రాయబారుల వరసలో ఆఖరిది. నాకంటే వెనకొచ్చినవాడు ఇంకా లేడు మరి. మాస్టారుంటే "రేపు పెందలాడే రా" అనేవారు.

జిరాఫీకి, మిగతావాళ్ళకి ఒక మనవి. మీ పిల్లల అమెరికా వీసాలు నా చేతిలో ఏనాడూ లేవు. మన ఎంబసీ వీసా ఇచ్చేది మన దేశం వచ్చే విదేశీయులకి. పాస్‌పోర్టు పోతే మాత్రం మన ఎంబసీకే వెళ్ళాలి, ముందుగా అక్కడి పోలీసు రిపోర్టు తీసుకుని. మొదటి పేజీ, చివరి పేజీ ఫొటో తీసి ఇప్పుడే ఎక్కడైనా దాచుకోమనండి.