పులిహోర ఆపరేషన్‌కి డబ్బులు పోగేస్తే నా అకౌంట్ ఫ్రీజ్ అయింది – నా అనుభవం

నిన్న సాయంత్రం నా అకౌంట్ మళ్ళీ పని చేయడం మొదలుపెట్టింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, చల్లారితే "పోన్లే పాపం" అనేస్తాను, నా సంగతి నాకు తెలుసు. వీధి పిల్లికో కుక్కకో ట్రీట్‌మెంట్ కోసం నలుగురినీ డబ్బులు అడగాలనుకునేవాళ్ళు ఉంటే ఇది చదివాకే మీ క్యూఆర్ కోడ్ బయట పెట్టండి.

మాది మల్కాజిగిరి వైపు అపార్ట్‌మెంట్. పులిహోర మా సెల్లార్‌లో తిరిగే పిల్లి. పసుపు ఒంటి మీద అక్కడక్కడా నల్ల మచ్చలు, ఆవాల పోపు పడ్డట్టు ఉంటుంది, అందుకని వాచ్‌మన్ అన్న వాళ్ళ పాప ఆ పేరు పెట్టింది. ఆ రోజు రాత్రి ఏదో బండి తగిలింది, ఎవరిదో తెలీదు, తెలిసినా ఒప్పుకోరు. పైకి ఒక్క గాయం లేదు. జనరేటర్ వెనక నక్కి నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే ఇక పొద్దున చూద్దాంలే అనుకోకూడదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. పై ఫ్లోర్ ఆంటీ పారాసిటమాల్ చిదిమి పాలల్లో కలిపి పట్టమంది, మనం జ్వరానికి వేసుకునే ఆ బిళ్ళ పిల్లులకి విషం, ఎవరు చెప్పినా వెయ్యకండి.

నారాయణగూడలో గవర్నమెంట్ సూపర్ స్పెషాలిటీ వెటర్నరీ హాస్పిటల్ ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, పగలైతే, జంతువు కాస్త నిలకడగా ఉంటే ముందు అక్కడ కనుక్కోండి, ఖర్చు చాలా తేడా ఉంటుంది. మాది రాత్రి, దాని పరిస్థితి అలా ఉంది, అట్టపెట్టెలో టవల్ వేసి ఆటోలో దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న ప్రైవేట్ హాస్పిటల్‌కి పరిగెత్తాం.

ఎక్స్‌రే చూస్తే నాకే అర్థమైంది, డాక్టర్ చెప్పక్కర్లేకపోయింది. గుండె, ఊపిరితిత్తులు ఉండాల్సిన చోట పేగులున్నాయి, వాటిలో గాలి నల్లగా బుడగలు బుడగలుగా కనిపిస్తోంది. ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ పొర దెబ్బకి చిరిగిపోయి పొట్టలోవన్నీ పైకి వెళ్ళిపోయాయంట. పొట్ట కోసి అన్నీ కిందకి లాగి ఆ పొర కుట్టాలి. పొట్ట తెరిచిన క్షణం నుంచీ పిల్లి తనంతట తను ఊపిరి తీసుకోలేదు, కుట్టడం అయ్యేదాకా ఒక మనిషి పక్కనే ఉండి ట్యూబ్ ద్వారా గాలి కొడుతూ ఉండాలి. ఖర్చంతా అందుకే. ఎస్టిమేట్ 38 వేలు, ముందు 20 వేలు కట్టమన్నారు.

మా అత్తయ్య "పిల్లికి 38 వేలా, మన గోడకి పెయింట్ వేయించి మూడేళ్ళయింది" అని ఒక మాట అని, లోపలికెళ్ళి నూటపదహార్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆరంభం అలా జరిగింది. ఎక్స్‌రే ఫోటో, ఎస్టిమేట్ కాగితం, నా యూపీఐ క్యూఆర్ పెట్టి అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ ఆఫీసు గ్రూపులోనూ కాలేజీ ఫ్రెండ్స్ గ్రూపులోనూ వేశా. మన తెలుగువాళ్ళు ఇచ్చారంటే ఇస్తారండీ, అందులో అనుమానం లేదు. 116లు, 516లు, ఒకాయనైతే 1116. రిమార్క్స్‌లో అందరూ "పులిహోర", "పులిహోర కోసం", ఒకడు "పులిహోర కలిపినందుకు" అని కూడా రాశాడు, వాడికి తర్వాత చెప్పా. ఆ పోస్టు ఎవరెవరో ఎక్కడెక్కడికో పంపేశారు, నాకు ముక్కూమొహం తెలీనివాళ్ళు కూడా వంద రెండొందలు వేశారు. మొత్తం 29,470 వచ్చింది. 20 వేలు హాస్పిటల్‌కి కట్టా. ఆపరేషన్ బాగా జరిగింది. దాని గురించి ఇంకేం రాయను, చేసింది డాక్టర్లు, నేను బయట కుర్చీలో కూర్చున్నానంతే.

అసలు కథ ఆ తర్వాత.

ఆపరేషన్ మర్నాడు మెడికల్ షాపులో స్కాన్ చేస్తే పేమెంట్ ఫెయిల్. మళ్ళీ చేస్తే మళ్ళీ ఫెయిల్. సర్వర్ ఏమో అనుకుని ఏటీఎంకి వెళ్తే అక్కడా అంతే. కస్టమర్ కేర్‌కి చేస్తే "బ్రాంచ్‌ని సంప్రదించండి". అది నా జీతం పడే అకౌంట్, రెండు రోజుల్లో ఇంటి లోన్ ఈఎంఐ పోవాలి. బ్రాంచ్‌లో కౌంటర్ అమ్మాయి కంప్యూటర్‌లో చూసి, కుర్చీలోంచి లేచి, లోపలికెళ్ళి మేనేజర్ చెవిలో ఏదో చెప్పొచ్చింది. ఆ లేచి వెళ్ళడం చూశాక నా వెనక క్యూలో ఉన్నవాళ్ళంతా నన్నే చూడటం మొదలుపెట్టారు.

"సైబర్ క్రైమ్ హోల్డ్ ఉంది మేడం మీ అకౌంట్ మీద."

నాకు కాళ్ళు ఆడలేదు. ఎందుకు అంటే తెలీదు, ఏ పోలీస్ స్టేషన్ అంటే తెలీదు, ఎంత డబ్బు గురించి అంటే "హెడ్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టాలి మేడం". మేనేజర్ గారు స్టేట్‌మెంట్ తీసి పెన్నుతో ఒక్కో లైనూ కొడుతూ పోతున్నారు. "పులిహోర, పులిహోర, పులిహోర... మీరు కేటరింగ్ చేస్తారా మేడం? సేవింగ్స్ అకౌంట్‌లో బిజినెస్ చేయకూడదు, కరెంట్ అకౌంట్ తీసుకోవాలి." పులిహోర అంటే పిల్లి సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. ఫోన్‌లో ఫోటో చూపించా, పొట్ట నిండా కుట్లు, మెడకి ప్లాస్టిక్ కాలర్. "చూడమ్మా, నాకు జంతువులంటే ఇష్టమే, కానీ ఇలా ఊరందరి దగ్గరా డబ్బులు తీసుకోవడం..." అని ఒక ఉపన్యాసం. కౌంటర్ దగ్గర, అందరూ వింటుండగా. డిగ్రీ నుంచీ లెక్కలు తప్ప ఇంకోటి చేయనిదాన్ని నేను, పెద్ద కంపెనీ ఖాతాలు చూస్తా, పైసా తేడా వస్తే రాత్రి నిద్రపోను, అలాంటిదాన్ని దొంగసొమ్ము దాచుకున్నదానిలా నిలబెట్టారు.

గొడవ పెట్టుకుంటే గానీ కాగితం బయటికి రాలేదు. ఉత్తరాది రాష్ట్రంలో ఎవరో సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకుని సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చారు. ఆ డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి, అక్కడి నుంచి ఇంకో దానికి అలా పోతూ పోతూ అందులో ఒక ముక్క నాకు చందాగా వచ్చింది. దాన్ని లేయర్ అంటారంట, నేను నాలుగో లేయర్. ముక్క ఎంతో తెలుసా, 300 రూపాయలు! పంపినవాడు దొంగో, దొంగకి పాత ఫోన్ అమ్మిన అమాయకుడో నాకెలా తెలుస్తుంది? 300 కోసం నా జీతంతో సహా మొత్తం ఆపేశారు. 2023లోనే కేరళ హైకోర్టు పోలీసులు చెప్పిన మొత్తం వరకే ఆపండి, అకౌంట్ మొత్తం ఆపకండి అని బ్యాంకులకి చెప్పింది, అది ప్రింట్ తీసుకెళ్ళి ఇస్తే "అది కేరళ కదమ్మా" అన్నారు.

ఈలోపు ఈఎంఐ బౌన్స్, దానికి పెనాల్టీ. దాన్ని మించింది మా అపార్ట్‌మెంట్ గ్రూపు. మా ఆయన పక్క ఫ్లాట్ అతనికి నమ్మకంగా చెప్పిన విషయం గంటలో సెక్రటరీ అంకుల్ దాకా వెళ్ళింది. ఆయన గ్రూపులో పెట్టిన మెసేజ్ యథాతథంగా: "పోలీస్ కేసు ఉన్న అకౌంట్‌కి డబ్బు పంపిన సభ్యులు తగు జాగ్రత్త వహించగలరు." కింద దండం బొమ్మ. ఈయన పిల్లికి ఇచ్చింది సున్నా. ఆ తర్వాత "మా డబ్బు వెనక్కి ఇవ్వండి" అని ఇద్దరు ముగ్గురు. ఎలా ఇస్తాను, అకౌంట్ కదలడమే లేదు కదా! ఇవ్వకపోతే "చూశారా" అంటారు. లిఫ్ట్‌లో మాట్లాడేవాళ్ళు ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. నాకు ఏడుపు రాలేదు గానీ ఒళ్ళు మండిపోయింది. కూర్చుని ఎవరెవరు ఎంత, ఏ రోజు, హాస్పిటల్‌కి కట్టింది ఎంత, మిగిలింది ఎంత అని ఎక్సెల్ షీట్ చేసి, హాస్పిటల్ రసీదుతో కలిపి అదే గ్రూపులో పడేశా. కింద ఒక లైన్ రాశా: మెయింటెనెన్స్ లెక్కలు కూడా ఇలాగే పెడితే బాగుంటుంది అంకుల్. ఆ రోజంతా గ్రూపు గప్‌చుప్.

పోలీసుల సంగతి. బ్యాంకు ఇచ్చిన కాగితం మీద కంప్లైంట్ అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, రాష్ట్రం పేరు ఉంటాయి, అవి లేకుండా మీరు ఎవరితో మాట్లాడినా దండగ. ఆ స్టేషన్ మెయిల్ ఐడీకి ఎస్టిమేట్, ఎక్స్‌రే, రసీదు, స్టేట్‌మెంట్, నా పోస్టు స్క్రీన్‌షాట్, ఆధార్, పాన్ అన్నీ ఒకే పీడీఎఫ్ చేసి పంపా. మెయిల్‌కి జవాబు రాదు, ఫోన్ చేస్తూనే ఉండాలి. ఎత్తరు, ఎత్తితే సాబ్ లేరంటారు. చివరికి ఒకాయన ఎత్తి, నా స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న: "మేడం, యే ఏక్ సౌ సోలహ్, పాంచ్ సౌ సోలహ్ క్యా హై? కోడ్ హై క్యా?" బెట్టింగ్ ముఠా కోడ్ అనుకున్నాడండీ! మా వైపు సున్నాతో ముగించి ఇవ్వరు భయ్యా, పదహారు కలపడం శుభం, పెళ్ళికైనా పంతులుకైనా అంతే అని నా హైదరాబాదీ హిందీలో చెప్పుకొచ్చా. "ఔర్ యే పులిహోరా?" బిల్లీ కా నామ్ హై అన్నా. అటు కాసేపు మాటల్లేవు. తర్వాత వెనకాల ఎవరికో చెప్తున్నాడు, నవ్వులు వినపడుతున్నాయి. పిల్లి వీడియో పంపమన్నాడు, వాట్సాప్‌లో పంపా. నా కేసు ఫైల్‌లో పులిహోర తిండి తింటున్న వీడియో ఉందో లేదో గానీ, ఆయన మాత్రం బ్యాంకుకి మెయిల్ పెట్టాడు, 300 తప్ప మిగతాది వదిలెయ్యమని. పోలీసాయన్ని నేనేం అనను, బ్యాంకు కంటే వెయ్యి రెట్లు నయం.

ఎందుకంటే ఆ మెయిల్ వచ్చాక కూడా బ్యాంకు కదల్లేదు. "ప్రాసెస్‌లో ఉంది మేడం." అప్పుడు రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి, రసీదు నంబర్ తీసుకుని, 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ ఓంబుడ్స్‌మన్‌కి వెళ్తానని అందులోనే రాశా. ముందు బ్యాంకుకి రాసి ఆగితేనే ఓంబుడ్స్‌మన్ తీసుకుంటారు, అందుకే ఆ రసీదు నంబర్ ముఖ్యం, నోటి మాట కంప్లైంట్లు గాల్లో పోతాయి. కాగితం ఇచ్చాక మేనేజర్ గారికి నా పేరు గుర్తుండటం మొదలైంది.

హాస్పిటల్ బిల్లు ఫైనల్‌గా 43,600 అయింది. నా అకౌంట్ ఆగిపోగానే పాత క్యూఆర్ తీసేసి హాస్పిటల్ వాళ్ళ క్యూఆర్ పెట్టించా, రిమార్క్స్‌లో పిల్లి పేరు, కేస్ నంబర్ రాయమన్నా. 17 వేలు నేరుగా అక్కడే పడ్డాయి, వాళ్ళు లిస్ట్ ఇచ్చారు, ఒక్క గొడవ లేదు. తక్కువపడిన 6,600 మా ఆయన వేశారు, అకౌంట్‌లో మిగిలిన చందాల్లోంచి నిన్న ఆయనకి తిరిగిచ్చేశా, లేకపోతే జన్మంతా దెప్పుతారు.

నేను చెప్పేది ఇదొక్కటే, డబ్బు మీ జీతం అకౌంట్‌లోకి అస్సలు రానివ్వకండి. హాస్పిటల్‌కి నేరుగా వేయించండి. ఒప్పుకోని హాస్పిటల్ అయితే వేరే ఖాళీ అకౌంట్ వాడండి. మిలాప్, కెట్టో లాంటి ఆన్‌లైన్‌లో చందాలు పోగేసే సైట్లలో పెట్టొచ్చు, వాటికి ఎస్టిమేట్ కాగితాలు, పాన్ లాంటివి రెడీగా ఉంచుకోవాలి, రాత్రికి రాత్రి ఆక్సిజన్‌కి డబ్బు కావాలంటే ఆ టైం ఉండదు. ఇంకోటి సీఏ చదివిన మా బావ చెప్పాడు, బంధువులు కానివాళ్ళు ఏడాదిలో మీకు ఇచ్చింది మొత్తం 50 వేలు దాటితే అదంతా మీ ఆదాయం కింద లెక్క, ట్యాక్స్ పడుతుంది. చందా మీద ట్యాక్స్ తగ్గించే 80జీ మినహాయింపు వస్తుందా అని చందా ఇచ్చినవాళ్ళు అడుగుతారు, మనలాంటి మనుషులకిస్తే రాదు, ఆ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలకిస్తేనే, అదీ 2000 దాటితే క్యాష్ కుదరదు. నన్ను అడిగినవాడు ఇచ్చింది 50 రూపాయలు.

పులిహోర ఇప్పుడు మా బాల్కనీలోనే ఉంది, కుట్లు విప్పేశారు, అత్తయ్య పెరుగన్నం పెడితే ముట్టదు, చేప వాసనొస్తే మాత్రం వంటింట్లోకి ముందు అదే వస్తుంది. హోల్డ్‌లో ఉన్న 300 పోను మిగిలిన 2,570 దానికే, కాస్త బలం పుంజుకున్నాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి ఉంచా, షీట్‌లో రాసి పెట్టా, అంకుల్ ఎప్పుడైనా చూసుకోవచ్చు.

300 మాత్రం ఇంకా హోల్డ్‌లోనే ఉంది. అది నాకొద్దు, పోగొట్టుకున్నవాళ్ళకే ఇచ్చేయండి బాబూ అని నిన్న మేనేజర్ గారికి చెప్తే, "దానికి కోర్టు ఆర్డర్ కావాలి మేడం" అన్నారు.