ఎర్రగడ్డ పైపొరతో మొదలైన లెక్క

ఎమ్మెస్సీ న్యూట్రిషన్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు నేను ఎంచుకున్న అంశం, అరవై దాటినవాళ్ల తిండిలో ఫ్లేవనాయిడ్లు, వాళ్ల రోజువారీ అలవాట్లు. పని నెలలో అయిపోతుందనుకున్నాను. అనంతపురం నుంచి నార్పల వైపు బస్సెక్కితే మా అమ్మ పుట్టిన ఊరు వస్తుంది. అక్కడ నాకు తెలియని ఇల్లు లేదు. ఇంటింటికీ వెళ్లి ఏం తిన్నారో రాసుకోవడం, పట్టికలు చూసి లెక్క కట్టడం, అంతే కదా అనుకున్నా. చివరికి నాలుగున్నర నెలలు పట్టింది. ఇలాంటి సర్వే చేయబోయేవాళ్లకూ, ఇంట్లో పెద్దవాళ్లకు వండిపెట్టేవాళ్లకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఫ్లేవనాయిడ్లంటే మొక్కలు తమ కోసం తయారు చేసుకునే పదార్థాలు. నేరేడు పండుకు ఊదారంగు వచ్చేది ఆంథోసయనిన్ల వల్ల, టీలో వగరుకు ఒక కారణం క్యాటెచిన్లు. ఉల్లిలో, మునగాకులో ఉండేది క్వెర్సెటిన్. చీనీకాయ (బత్తాయి), నిమ్మ, నారింజ జాతిలో హెస్పెరిడిన్ లాంటివి ఉంటాయి. 1936లో హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి వీటికి విటమిన్ పి అని పేరు పెట్టారు. తర్వాత ఇవి విటమిన్లు కావని తేలి ఆ పేరు పోయింది. ఇవి తినకపోతే ఫలానా జబ్బు వస్తుందని చెప్పలేం. కానీ ఎక్కువగా తినే పెద్దవాళ్ల గుండె ఆరోగ్యం మెరుగ్గా ఉన్నట్టు చాలా పరిశీలనల్లో కనిపించింది.

మా గైడ్ మేడమ్ నా చేత మొదట చదివించింది 1993లో అచ్చయిన ఒక డచ్ పరిశోధన. నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ పట్టణంలో 65 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 805 మంది మగవాళ్లను ఐదేళ్లు గమనించారు. ఫ్లేవనాయిడ్లు ఎక్కువగా తీసుకున్నవాళ్లలో గుండెజబ్బు మరణాలు తక్కువ. వాళ్లకు అవి ముఖ్యంగా అందింది టీ, ఉల్లి, యాపిల్ నుంచి. చదవగానే భలే ఉత్సాహం వచ్చింది. టీ, ఎర్రగడ్డ (ఉల్లిని మేం అనే మాట) లేని ఇల్లు మా ఊళ్లో లేదు కదా!

మొదటి రోజు ఆ ఉత్సాహమంతా నీరుగారిపోయింది. నా దగ్గరున్న ప్రశ్నాపత్రం బయటి దేశాల వాటిని చూసి తయారు చేసుకున్నది. బ్లూబెర్రీలు వారానికి ఎన్నిసార్లు, డార్క్ చాక్లెట్ ఎంత, రెడ్ వైన్ ఎన్ని గ్లాసులు. డెబ్బై ఐదేళ్ల అవ్వ ముందు కూర్చుని ఆ ప్రశ్నలు ఒక్కొక్కటే దాటేస్తుంటే, ఈమె తినేది ఒక్కటి కూడా ఈ కాగితంలో లేదే అని గుండెలో కలుక్కుమంది. గోగాకు (గోంగూర) లేదు. చింతచిగురు లేదు. ఉలవలు, కొర్రలు, అలసందలు, మునగాకు, రాగి సంగటి, ఏవీ లేవు. ఆ కాగితం ప్రకారం ఆ అవ్వ ఏమీ తినని మనిషి.

మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. "ప్రశ్నలు నువ్వు రాయొద్దు, వాళ్ల వంటింట్లో కూర్చుని రాసుకో" అన్నారు. పది రోజులు సర్వే ఆపేసి కేవలం చూశాను. ఏ ఇంట్లో ఏం తెస్తున్నారు, ఎలా తరుగుతున్నారు, ఏం పారేస్తున్నారు. కొత్త ప్రశ్నాపత్రం అక్కడే పుట్టింది.

ఎర్రగడ్డ సంగతి చూడండి. క్వెర్సెటిన్ లోపలి పొరల్లో కంటే పైపొరల్లో ఎక్కువ. మా పక్కింటి అవ్వ గడ్డ మీది ఎండు పొట్టు తీశాక, నల్లటి మసి పట్టిందని మందపాటి మొదటి పొర కూడా ఒలిచి గంపలో వేసింది. చూపు సరిగ్గా ఆనదు కాబట్టి అనుమానంతో ఇంకో పొర కూడా తీసింది. చేతిలో మిగిలింది గోలీకాయ కంటే కాస్త పెద్దది. నేను తూకం వేసేది ఆ మిగిలినదాన్నే. పట్టికల్లో పచ్చి ఉల్లి 100 గ్రాములకు దాదాపు 20 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ అని ఉంటుంది. అది పైపొరలు కూడా ఉన్న గడ్డ లెక్క, ఈ అవ్వకు అంత అందదు. మసి అంటింది పైపైనే అయితే కడిగి తుడిచి వాడుకోవచ్చు, బూజు లోపలికి దిగితే పారేయాల్సిందే. ఆ తేడా కంటికి కనబడాలి కదా. ఆ రోజు ప్రశ్నాపత్రంలో "చూపు ఎలా ఉంది" అన్న ప్రశ్న చేర్చాను.

చూపు తగ్గితే ఆకుకూర తినడమే ఆగిపోతుందన్న సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇంకో ఇంట్లో ఒక పెద్దామె ఏడాదిపాటు ఆకుకూర ముట్టలేదు. ఇష్టం లేక కాదు. ఏరేటప్పుడు పురుగులు, ఇసుక కనబడక. కోడలిని అడగడానికి మొహమాటం. కంట్లో శుక్లాల ఆపరేషన్ అయ్యాక మళ్లీ గోగాకు, చెంచలాకు మొదలుపెట్టింది. చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి.

కొలతలు ఇంకో పెద్ద తలనొప్పి. "ఎంత తిన్నారు" అంటే "ఒక ముద్ద" అంటారు. ఒక్కో చేతి ముద్ద ఒక్కో బరువు. అందుకే వంటింటి త్రాసు వెంట పెట్టుకుని, రోజూ చేసుకునేలాగే సంగటి ముద్ద చేసి పెట్టమని అడిగి తూచాను. అక్కడితో అయిపోలేదు. సంగటిలో బియ్యం ఎంత, రాగిపిండి ఎంత? రాగి గింజను పొట్టుతోనే పిండి పట్టిస్తాం, ఫ్లేవనాయిడ్ల లాంటివి ఎక్కువగా ఉండేది ఆ పొట్టులోనే. పాలిష్ పట్టిన బియ్యంలో అవి పోతాయి. స్టోరు (రేషన్) బియ్యం ఇంట్లో ఉంటాయి, రాగులు కొనుక్కోవాలి. కాబట్టి చాలా ఇళ్లలో సంగటి పేరు అలాగే ఉంది, రంగు మాత్రం తెల్లబడింది. ఒక తాత ముద్ద విరిచి చూపిస్తూ, "మా కాలంలో ఇది నేరేడు పండు మాదిరి నల్లగుండేది పాపా" అన్నాడు.

ఒక్కొక్కరి దగ్గర మూడుసార్లు, వేర్వేరు రోజుల్లో, ముందురోజు పొద్దున నుంచి పడుకునే దాకా తిన్నదంతా అడగాలి. మొదటిసారి అందరిదీ ఒకటే మాట: "ఏముంటాది పాపా, ఉన్నదేదో ఇంత తిన్న్యా." తిండి గురించి అడిగితే మొదలయ్యేది కాదు. నిద్ర లేచింది ఎప్పుడు, ఎవరు వచ్చారు, ఎక్కడికి పోయారు అని రోజును నడిపిస్తూ పోతే, మధ్యలో తిండి దానంతటదే వచ్చేది. "గంగమ్మ గుడికాడ పోయి కూర్చుంటి, ఆడ బొరుగులు పెట్టిరి, వచ్చి టీ తాగితి." ఇలా వస్తుంది.

వ్యాయామం గురించి కూడా అంతే. "వ్యాయామం చేస్తారా అవ్వా?" అంటే "యాడమ్మా, మాకెందుకవి" అంది, పొద్దున ఏడింటి నుంచి మేకల వెంట గుట్ట చుట్టూ తిరిగి వచ్చిన మనిషి. పాత ప్రశ్నాపత్రం అయితే ఆమెను కదలకుండా కూర్చునేవాళ్ల గడిలో వేసేది.

టీ లెక్క రాసేటప్పుడు జాగ్రత్త పడాల్సి వచ్చింది. మా ఊరి పెద్దవాళ్లకు ఫ్లేవనాయిడ్లు అందించే వాటిలో టీ ముందుంటుంది. రోజుకు మూడు నాలుగు చిన్న గ్లాసులు. కానీ అన్నం తిన్న వెంటనే తాగే టీ, తిండిలోని ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. రక్తం తక్కువున్న ఆడవాళ్లకు అది నష్టం. భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట తేడా ఉంచమని అందరికీ చెప్పాను. చక్కెర సంగతి వేరే చెప్పాలా.

వక్కాకు దగ్గర నా లెక్కే నన్ను నిలదీసింది. వక్కలోనూ క్యాటెచిన్లు ఉంటాయి. గుడ్డిగా కూడుకుంటూ పోతే, రోజంతా వక్క నమిలేవాళ్ల ఫ్లేవనాయిడ్ల అంకె అందరికంటే పైన నిలుస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే వక్కను క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. వక్కను మంచి తిండి లెక్కలో కలపను, అలవాట్ల కింద పొగాకుతో పాటు రాస్తాను అని మేడమ్‌తో గట్టిగా వాదించాను. ఒప్పుకున్నారు. ఒక పదార్థం అంకె పెరిగినంత మాత్రాన మనిషికి మేలు జరిగినట్టు కాదని నాకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది అక్కడే.

ఒక పెద్దాయన అటక మీది నుంచి పౌడరు డబ్బా దించి చూపించాడు. ఊరికి వచ్చిన ఎవరో అమ్మిపోయారట, ఇందులో పండ్ల సారమంతా ఉంది, గుండెకు, మోకాళ్లకు, మతిమరుపుకు అన్నింటికీ పనిచేస్తుందని. నెలకు వచ్చే 4,000 రూపాయల పింఛనులో పెద్ద భాగం దానికే పోయింది. నాకు కడుపు మండిపోయింది. అమెరికాలో కోకో ఫ్లేవనాల్ (ఫ్లేవనాయిడ్లలో ఒక రకం) గుళికల మీద 21 వేల మందికి పైగా పెద్దవాళ్లతో ఒక పెద్ద పరీక్ష జరిపారు, 2022లో ఫలితాలు వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే స్పష్టమైన తగ్గుదల కనిపించలేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం కొంత తగ్గాయి. అంత జాగ్రత్తగా చేసిన పరీక్షే అంతవరకే చెబుతుంటే, పేరూ ఊరూ లేని పొడికి ఇంత ధీమా ఎక్కడిది? ఆయనకు నేను చెప్పింది ఒకటే. బీపీ మాత్రలు ఆపొద్దు తాతా, ఈ డబ్బుతో కాయలు, ఆకుకూరలు కొనుక్కో.

కొనుక్కో అని ఎంత సులభంగా అనేశానో తర్వాత తెలిసింది. ఆయనకు సొంతంగా చీనీ తోట ఉంది. లారీ వస్తే కాయంతా అనంతపురం మార్కెట్‌కు పోతుంది. ఇంటికి మిగిలేది రాలినవి, మచ్చపడినవి. అవి కూడా మనవలకు. నోట్లో పళ్లు లేవు కాబట్టి తొనలు నమలలేడు, రసం పిండి వడగట్టి ఇస్తే తాగుతాడు. హెస్పెరిడిన్ ఎక్కువగా ఉండేది తొన చుట్టూ ఉండే తెల్లటి పొరలో. వడగట్టినప్పుడు అదంతా పిప్పితో పోతుంది. కోడలికి చెప్పాను, వడగట్టకుండా గింజలు మాత్రం తీసేసి మెత్తగా కలిపి ఇవ్వమని. "అట్లయితే చేదొస్తాది కదక్కా" అంది. నిజమే, కొంచెం చేదొస్తుంది. సగం వడగట్టి, సగం పిప్పి ఉంచి ఇస్తే ఆయన తాగాడు.

అన్నింటికంటే నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది చివర్లో చేర్చిన గడి, "ఎవరితో కలిసి తిన్నారు". ఒక్కతే ఉండే అవ్వ మూడు రోజుల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటిలో పొద్దుటి అన్నం, ఊరిమిండి (పచ్చడి), మజ్జిగ. కూతురు వచ్చిన మూడో రోజు పప్పులో గోగాకు, నంజుకోవడానికి ఎర్రగడ్డ, సాయంత్రం జామకాయ ముక్కలు. వస్తువులు కొనే డబ్బు మూడు రోజులూ అంతే ఉంది. "ఒక్కదానికి ఏం పొయ్యి వెలిగిస్తా" అంది ఆమె. ఇలాంటి కాగితాలు నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. తక్కువ మందితో చేసిన సర్వే కాబట్టి ఇదే కారణమని తేల్చి రాయలేదు. కానీ వైవాలో (ప్రాజెక్టు మౌఖిక పరీక్షలో) ఎక్కువ ప్రశ్నలు వచ్చింది ఆ గడి మీదే.

లెక్కలకు హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన భారతీయ ఆహార పట్టికలు, అందులో దొరకనివాటికి అమెరికా వ్యవసాయ శాఖ ఫ్లేవనాయిడ్ల పట్టికలు వాడాను. చెంచలాకు లాంటివాటికి నాకు కావలసిన అంకె దొరకనప్పుడు ఖాళీగా వదిలేసి, వదిలేశానని రాశాను. అంచనా అంకె పెట్టమని కొందరు స్నేహితులు సలహా ఇచ్చారు. మనసొప్పలేదు.

నేను తిరిగింది మాఘం నుంచి వైశాఖం దాకా. అప్పటికి నేరేడు పండ్లు రాలేదు, సీతాఫలాల కాలం అసలే కాదు. గుట్ట మీద నేరేడు చెట్ల కింద పిల్లలతో పాటు ముసలివాళ్లూ ఏరుకుని తింటారని అందరూ చెప్పారు. నా కాగితాల్లో ఆ పండు ఒక్కటి కూడా లేదు. ప్రాజెక్టు సమర్పించేశాను, మార్కులూ వచ్చేశాయి. అయినా ఈ ఆదివారం త్రాసు సంచిలో వేసుకుని మళ్లీ ఊరికి వెళ్తున్నాను. మేకల అవ్వ ఫోన్ చేయించింది, పండ్లు నల్లబడుతున్నాయట.