డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా? పాత కంప్యూటర్ మార్చే ముందు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న మద్దతు ఆపేసింది. విడిగా నమోదు చేసుకున్నవాళ్లకు మాత్రం సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా అందుతాయి. ఏడెనిమిదేళ్ల కిందటి సిస్టమ్‌లు నడుస్తున్న ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో ఇప్పుడు మార్చక తప్పని పరిస్థితి. కొత్తదంటే ల్యాప్‌టాపే అని చాలామంది ముందే అనుకుని షాపుకి వెళ్తారు. నా అభిప్రాయం వేరు. బల్ల మీంచి కదలని కంప్యూటర్ డెస్క్‌టాపే అయి ఉండాలి. వారానికి ఒక్కసారైనా బయటికి తీసుకెళ్లే పని నిజంగా ఉంటే ల్యాప్‌టాప్ కొనాలి. “ఎప్పుడైనా పనికొస్తుందేమో” అన్నది ల్యాప్‌టాప్ కొనడానికి సరిపోయే కారణం కాదు.

అసలు మార్చాలా అన్నది ముందు తేల్చుకోండి. విండోస్ 11కి ఇంటెల్ అయితే 8వ తరం, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ భాగం ఉండాలి. టీపీఎం లేదని చూపించినా కంగారు పడొద్దు. చాలా బోర్డుల్లో అది ఉంటుంది, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుందంతే. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని కనిపిస్తుంది, ఆన్ చేస్తే సరిపోతుంది. ప్రాసెసర్ ఆ హద్దు దాటినదై, మెషీన్ మాత్రం నెమ్మదిగా ఉంటే కారణం చాలావరకు పాత హార్డ్ డిస్కే. దాని స్థానంలో అంతకన్నా వేగమైన ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 జీబీ నుంచి 16కి పెంచితే ఇంకో మూడు నాలుగేళ్లు హాయిగా వాడుకోవచ్చు.

కొనక తప్పదని తేలిందనుకుందాం. ఇక్కడ అందరూ పొరపడేది పేర్ల దగ్గర. పెట్టె మీద “ఐ5, 12వ తరం” అని డెస్క్‌టాప్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఉంటుంది. డెస్క్‌టాప్ ఐ5-12400లో ఆరు పెద్ద కోర్లు (పని చేసే భాగాలు) ఉంటాయి, బేస్ పవర్, అంటే నిలకడగా పనిచేసేటప్పుడు వాడే విద్యుత్తు, 65 వాట్లు. ల్యాప్‌టాప్ ఐ5-1235యూలో పెద్ద కోర్లు రెండే, చిన్నవి ఎనిమిది, బేస్ పవర్ 15 వాట్లు. వర్డ్, బ్రౌజర్, టాలీ లాంటి వాటిలో తేడా తెలియదు. వీడియో ఎడిటింగ్, పెద్ద ఫొటో ఆల్బమ్‌ల డిజైనింగ్ లాంటి గంటల తరబడి సాగే పనుల్లో స్పష్టంగా తెలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డుల్లో ఈ తికమక ఇంకా ఎక్కువ. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070కి 12 జీబీ మెమరీ, 5888 కోర్లు. అదే పేరున్న ల్యాప్‌టాప్ చిప్‌కి 8 జీబీ, 4608 కోర్లు. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4060నైతే కంపెనీ 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా బిగించవచ్చు. వాట్లు తగ్గితే వేగమూ తగ్గుతుంది. ఆ అంకె ఎంతో అడక్కుండా గేమింగ్ ల్యాప్‌టాప్‌కి డబ్బు కట్టకండి.

మన ఎండలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. మామూలు ల్యాప్‌టాప్‌లను ఎక్కువగా 35 డిగ్రీల గది ఉష్ణోగ్రత వరకే పనిచేసేలా తయారుచేస్తారు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది ఆ హద్దు దాటిపోతుంది. అప్పుడు ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్ గోల పెరుగుతుంది, పని సాగదు. పరుపు మీద పెట్టి వాడితే గాలి లాక్కునే రంధ్రాలు మూసుకుపోయి ఇంకా కష్టం. డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో పెద్ద హీట్‌సింకు, పెద్ద ఫ్యాన్లు, గాలి ఆడే చోటు ఉంటాయి కాబట్టి ఆ వేడిని చాలా నయంగా తట్టుకుంటుంది. దానికి దుమ్ము పడుతుంది, నిజమే. ఆరు నెలలకోసారి పక్క ప్యానెల్ తీసి బ్లోయర్ కొట్టించండి. బ్లోయర్ గాలికి ఫ్యాన్ రెక్కలు విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది కాబట్టి వేలితో పట్టుకుని కొట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉప్పుగాలికి ర్యామ్ కాంటాక్టులు మసకబారి డిస్‌ప్లే రాకుండా పోతుంటుంది. ర్యామ్ తీసి, బంగారు రంగు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో తుడిచి, స్లాటులో క్లిప్పు పడేదాకా నొక్కితే చాలాసార్లు మళ్లీ లేస్తుంది. ర్యామ్‌ని బోర్డుకే టంకం వేసిన ల్యాప్‌టాప్‌లో ఈ దారి ఉండదు.

డెస్క్‌టాప్‌కి నిజమైన బలహీనత కరెంటు. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కరెంటు పోయిన క్షణంలో ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై పెట్టె) దాదాపు 16 మిల్లీసెకన్లు మాత్రమే నిలబడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటారు కానీ, దాని వెనక స్విచ్ మామూలు మోడ్‌లో ఉంటే బ్యాటరీకి మారడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది, సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. ఆ స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. అయితే ఆ మోడ్‌లో వోల్టేజీ 180 దరిదాపుకి పడిపోగానే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. సాయంత్రాలు లో వోల్టేజీ ఉండే ఊళ్లలో కరెంటు ఉండగానే బ్యాటరీ అయిపోవడానికి కారణం ఇదే. అలాంటి చోట ఇన్వర్టర్‌ని మామూలు మోడ్‌లోనే వదిలి, సిస్టమ్‌కి విడిగా 600 వీఏ యూపీఎస్ పెట్టడం మేలు. అది 360 వాట్ల దాకా మోస్తుంది, మానిటర్‌తో కలిపి మామూలు వాడకానికి పది, పదిహేను నిమిషాలు ఇస్తుంది. ఫైలు సేవ్ చేసి ఆపడానికి అది చాలు. లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీని రెండు మూడేళ్లకు మార్చాలి. ప్రింటర్‌ని, ముఖ్యంగా లేజర్ ప్రింటర్‌ని, ఆ యూపీఎస్‌కి తగిలించకండి. అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి యూపీఎస్ ఓవర్‌లోడ్ అయి ఆగిపోతుంది.

ఎర్తింగ్ సంగతి కూడా చూసుకోండి. క్యాబినెట్‌ని తాకితే జివ్వుమంటే ఆ ఇంటి ప్లగ్గులో ఎర్త్ లేనట్టే. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల బాడీ మీదికి సగం మెయిన్స్ వోల్టేజీ చేరుతుంది. కరెంటు చాలా స్వల్పమే అయినా పెన్‌డ్రైవ్ పెట్టేటప్పుడు, హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చేటప్పుడు పోర్టులు దెబ్బతినే ప్రమాదం ఉంది. లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడూ ఇదే జరుగుతుంది. ఏది కొన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించుకోండి.

కరెంటు బిల్లు భయం మాత్రం అంత అక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు లేని డెస్క్‌టాప్, మానిటర్ కలిసి తేలికపాటి పనిలో 60 వాట్ల ప్రాంతంలో తీసుకుంటాయి, ల్యాప్‌టాప్ 15. రోజుకి 8 గంటల చొప్పున నెలకి సుమారు 14 యూనిట్లు, 4 యూనిట్లు.

వారంటీ అయిపోయిన తర్వాతే అసలు తేడా బయటపడుతుంది. డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎంపీఎస్ పోతే ఎస్‌ఎంపీఎసే మారుస్తాం, నాలుగు స్క్రూల పని. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ సర్క్యూట్ పోతే చాలా సర్వీస్ సెంటర్లలో మదర్‌బోర్డు మొత్తం మార్చాలంటారు, ఆ ఖర్చుకి మెషీన్ విలువే మిగలదు. మడత దగ్గర విరగడం మరో సాధారణ సమస్య. హింజ్ స్క్రూలు పట్టుకునే ఇత్తడి గింజలు ప్లాస్టిక్‌లోంచి ఊడొస్తాయి. మూత తెరిచేటప్పుడు ఒక మూలనే పట్టుకుని ఎత్తే అలవాటు దీన్ని తొందర చేస్తుంది. బ్యాటరీ 300 నుంచి 500 పూర్తి చార్జింగ్‌ల తర్వాత 80 శాతం సామర్థ్యానికి దిగుతుంది. ఎప్పుడూ ప్లగ్గుకే ఉండే ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ హద్దు 80 శాతానికి పెట్టుకోండి. టచ్‌ప్యాడ్ పైకి తేలిందంటే బ్యాటరీ ఉబ్బినట్టు. ఆ రోజే వాడకం ఆపాలి, నొక్కి సరిచేయబోకండి.

బల్ల చిన్నదంటే మినీ పీసీ చూడండి. మానిటర్ వెనకే బిగించుకోవచ్చు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ చాలా మోడళ్లలో మార్చుకోవచ్చు. తెరలోనే కంప్యూటర్ ఇమిడి ఉండే ఆల్ ఇన్ వన్ మాత్రం వద్దు. ల్యాప్‌టాప్ విడిభాగాలు, డెస్క్‌టాప్ బరువు, తెర పోతే కంప్యూటర్ కూడా పోయినట్టే. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల రీఫర్బిష్డ్ (బాగుచేసి అమ్మే పాత) ఆఫీస్ సిస్టమ్‌లు చవగ్గా దొరుకుతాయి. 6వ, 7వ తరం ఐ5 మెషీన్లలో కూడా విండోస్ 11 ఎక్కించి అమ్ముతుంటారు, ప్రాసెసర్ 8వ తరం లేదా ఆ తర్వాతిదో కాదో చూసి తీసుకోండి.

హాస్టల్లో ఉండే బీటెక్ పిల్లలకి, ఆడిట్‌కి తిరిగేవాళ్లకి ల్యాప్‌టాప్ తప్పదు. అప్పుడు ర్యామ్ 16 జీబీకి తగ్గకూడదు. ఎల్‌పీడీడీఆర్5 అని రాసి ఉంటే తర్వాత పెంచుకోలేరు, డీడీఆర్5 అని ఉంటే స్లాట్లెన్నో అడగండి. తెర వివరాల్లో “45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్” (రంగుల పరిధి, వెలుతురు అంకెలు) కనిపిస్తే రంగులు వెలిసినట్టుంటాయి, వరండాలో కూర్చుంటే కనిపించవు. ఇంటి దగ్గర విడి కీబోర్డు, మౌస్, కళ్ల ఎత్తుకి తెర వచ్చే స్టాండు పెట్టించండి. మెడనొప్పులు వయసు వల్లే రావు.

ఇక పాత డేటా. పాత సిస్టమ్‌లోని 3.5 అంగుళాల హార్డ్ డిస్కుకి 12 వోల్టులు కావాలి, కాబట్టి డిస్కుని అందులో పెట్టి కొత్త కంప్యూటర్‌కి తగిలించుకునే యూఎస్‌బీ కేసుల్లో అడాప్టర్‌తో వచ్చేదే కొనండి. 2.5 అంగుళాలదైతే మామూలు కేసు చాలు. కొత్త విండోస్ 11 మెషీన్లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయితే చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా ఫైళ్లు చదవలేని తాళం) తనంతట తానే ఆన్ అవుతుంది. ఆ తాళం తీసే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ ఆ ఖాతాలో ఉంటుంది. మొదటి రోజే తెరిచి కాగితం మీద రాసి పెట్టుకోండి. బోర్డు పోయాక ఆ కీ లేకుండా డిస్కు బయటికి తీసినా ఫైళ్లు రావు.