వాసన బాగుందని కొట్టేశాను, ఆకులు మాడిపోయాయి

మా మిద్దె మీద చిక్కుడు పందిరికి చలికాలం రాగానే నల్ల పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగులు, పడుతుంది. ఇవాళ లేత కొసన పది కనిపిస్తే మూడో రోజుకు పూత కాడ కూడా కనపడనంతగా కమ్ముకుంటాయి, కింద ఆకులన్నీ జిగట, ఆ జిగట కోసం చీమల బారు. ఉప్పల్‌లో మా వీధిలో మిద్దె తోట ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే గోల. పోయిన డిసెంబర్‌లో సరిగ్గా అప్పుడే వేప నూనె అయిపోయింది. ఇల్లు తుడిచే నీళ్లలో వేసుకునే నిమ్మగడ్డి నూనె సీసా ఒకటుంది కదా, అదీ నూనే ఇదీ నూనే అనుకుని లీటరు నీళ్లలో రెండు టీస్పూన్లు పోసి, మిట్టమధ్యాహ్నం కొట్టేశాను.

పొద్దున చూస్తే పేనుబంక చాలావరకు చచ్చింది, కాదనను. లేత ఆకుల అంచులు కూడా టీ డికాక్షన్ రంగుకు తిరిగాయి. పేనుబంకను తినడానికి వచ్చిన అక్షింతల పురుగులు రెండు కుండీ మట్టిలో వెల్లకిలా పడి ఉన్నాయి. వాటిని చూస్తే మాత్రం నిజంగా బాధేసింది, నా తరఫున పని చేసేవి అవే కదా.

అసలు తప్పు ఆ రెండు నూనెల్నీ ఒకటే అనుకోవడం. వేప నూనె గింజ పిండితే వచ్చేది, కాగితం మీద చుక్క వేస్తే మరక అలాగే ఉండిపోతుంది. అందులోని అజాడిరక్టిన్ పురుగును వెంటనే చంపదు, తిండి మీద ఆశ చంపుతుంది, కుబుసం విడవనివ్వదు, మెల్లగా పని చేస్తుంది. నిమ్మగడ్డి, లవంగం, పుదీనా, యూకలిప్టస్ నూనెలు ఆవిరి పట్టి తీసేవి, చుక్క వేస్తే కాసేపటికి చాలావరకు ఎగిరిపోతుంది. ఆ ఎగిరేదే మనకు వాసన, పురుగుకు విషం. చక్కెర డబ్బాలో నాలుగు లవంగాలు వేస్తే చీమలు దూరంగా ఉంటాయని అమ్మ చేసేది కూడా ఇదే పని, లవంగ నూనెలో ముఖ్యమైనది యూజినాల్, పంటి డాక్టర్ దగ్గర వచ్చే ఆ వాసన.

ఇది ఎలా చంపుతుందో చదివాక నాకు భలే అనిపించింది. పురుగుల నరాల్లో కబుర్లు మోసే ఆక్టోపమైన్ అనే పదార్థం ఒకటుంది (మొదట ఆక్టోపస్ లాలాజల గ్రంథుల్లో దొరికింది కాబట్టి ఆ పేరు). యూజినాల్ లాంటివి ఆ వ్యవస్థను గందరగోళం చేస్తాయి. మన ఒంట్లో దాని పాత్ర చాలా తక్కువ, అందుకే పురుగుకు తగిలినంత దెబ్బ మనకు తగలదు. అలాగని చేతి మీద నేరుగా పోసుకుంటే ఊరుకుంటుందా, చర్మం మండిపోతుంది. అక్షింతల పురుగుకూ అవే నరాలు, పాపం. ఒకటే ఊరట, త్వరగా ఎగిరిపోతుంది కాబట్టి తర్వాత వచ్చి వాలే వాటికి పెద్దగా ముప్పు ఉండదు.

రెండో తప్పు, నూనె నీళ్లలో కలవదన్న చిన్న సంగతి మర్చిపోవడం. పైన తేలిన నూనె కొన్ని ఆకుల మీద చిక్కగా పడింది, అవే మాడాయి. ఇప్పుడు లీటరుకు రెండు మూడు మిల్లీలీటర్లకు మించను, ముందు నూనెను కుంకుడు రసంలో బాగా గిలక్కొట్టి, తెల్లగా పాలలా అయ్యాక నీళ్లు పోస్తాను, ఎండ వాలాకే కొడతాను, అదీ ముందురోజు రెండు ఆకుల మీద కొట్టి చూశాకే. అక్షింతల పురుగులు కనిపిస్తే ఆ కొమ్మ జోలికి పోను. నాలుగైదు రోజులకు పేనుబంక మళ్లీ వస్తుంది, మళ్లీ కొట్టాలి.

ఇదంతా ఖమ్మంలో ఉన్న చిన్నాన్నకు ఫోన్‌లో ఉత్సాహంగా చెప్పాను. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతల్లో దూరి తోటలు తోటలే పాడుచేసినప్పుడు ఆయన కొట్టని మందు లేదు. అంతా విని, "ఎకరానికి రెండొందల లీటర్ల నీళ్లు కావాలమ్మా, నీ లెక్కన నూనె ఎంత పడుతుంది?" అన్నాడు. లీటరుకు రెండున్నర అనుకున్నా ఒక్కసారికి అర లీటరు. పచ్చి నిమ్మగడ్డిలో నూనె నూటికి ఒక వంతు కూడా ఉండదు, అంటే ఆ అర లీటరు కోసం సుమారు అర క్వింటాలు, ఇంకా ఎక్కువే గడ్డి. పైగా నాలుగు రోజులకోసారి. పువ్వు లోపల దాక్కున్న పురుగుకు అది అందుతుందా అంటే నా దగ్గర జవాబు లేదు. నాకు తెలిసినంతలో ఇది కుండీలకు, పాలీహౌస్‌లకు (ప్లాస్టిక్ కప్పు కింద పెంచే తోటలకు), మూత బిగించిన గింజల డబ్బాలకు సరిపోయే పని, ఎండలో పరుచుకున్న మిరప చేనుకు కాదు.

ఇంకో సంగతి. అమెరికాలో లవంగ, పుదీనా, నిమ్మగడ్డి నూనెలతో చేసే కొన్ని మందులకు 1996 నుంచి రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉంది. మన దగ్గర 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం పురుగుల మందుగా అమ్మాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. నేనొకసారి కొన్న "ఆర్గానిక్" సీసా మీద ఆకు బొమ్మ తప్ప లోపల ఏముందో ఒక్క ముక్క లేదు. ఇప్పుడైతే రిజిస్ట్రేషన్ నంబర్ లేకపోతే సీసా అక్కడే పెట్టేసి వచ్చేస్తున్నా.

చిక్కుడు మాత్రం కోలుకుంది. మాడిన ఆకులు తుంచేశాను, సంక్రాంతికి రెండు కూరలకు సరిపడా కాయ వచ్చింది. చిన్నాన్న వచ్చినప్పుడు అదే వండి పెట్టాను, తిని, "కూరలో నిమ్మగడ్డి వాసన రావట్లేదులే" అన్నాడు.