పాత కమాను పట్టీ నుంచి కత్తిపీట దాకా: మా పెరటి కొలిమిలో ఎనిమిది నెలలు

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద సుమారు 20 కిలోమీటర్లు పడమరకు వెళితే చీమకుర్తి వస్తుంది. గెలాక్సీ గ్రానైటు గనుల వల్ల ఆ దారి పొడవునా లారీలు, పొక్లెయిన్లు, రాతిని తొలిచే యంత్రాలు తిరుగుతూనే ఉంటాయి. అవి అరగదీసి వదిలేసిన ఉక్కు అంతా చివరకు పాత ఇనుప కొట్లకు చేరుతుంది. మా ఊరు ఆ దారిలోనే ఉంది. చిన్నతనంలో కమ్మరి కొలిమి ముందు కూర్చుని గంటలు గడిపిన నాకు ఆ పని సొంతంగా నేర్చుకోవాలన్న కోరిక చాలా ఏళ్లుగా ఉండేది. 2024 నవంబరులో, మా పెరట్లో ఖాళీగా ఉన్న రేకుల కొట్టంలో పని మొదలుపెట్టాను. 2025 జూన్ దాకా నోటు పుస్తకంలో రాసుకున్న వివరాలను, కొత్తగా మొదలుపెట్టేవారికి అక్కరకు వచ్చేవాటిని ఎంచి ఇక్కడ రాస్తున్నాను.

మొదట కావలసింది దాగలి, అంటే కాగిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే ఉక్కు దిమ్మె. రైలు పట్టా ముక్క తెచ్చుకొమ్మని చాలామంది చెప్పారు, పాత ఇనుప కొట్టులో ఒక ముక్క చూపించారు కూడా. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం కాబట్టి, సరైన కాగితాలు లేని ఆ ముక్కను నేను ముట్టుకోలేదు. దానికి బదులు బండలు పగలగొట్టే బ్రేకరు యంత్రానికి బిగించే ఉలి, మొన అరిగిపోయి పడి ఉన్నది దొరికింది. 14 సెంటీమీటర్ల వ్యాసం, 45 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఆ ముక్క 54 కిలోలు తూగింది. కిలో 50 రూపాయల చొప్పున కొన్నాను. దానిని నిలువుగా, మాంసం కొట్టువాళ్లు వాడే రకం చింత మొద్దులో గుంత తొలిచి దిగగొట్టాను. నిలుచుని చేతులు కిందికి వేలాడేసి పిడికిలి బిగిస్తే, పిడికిలి ఎత్తుకు దాగలి పైభాగం రావాలి. మొదట నాలుగు అంగుళాలు ఎత్తుగా పెట్టడం వల్ల వారం రోజులు భుజం నొప్పి పడ్డాను. నిలువు దాగలికి ముఖం చిన్నదే గాని, సుత్తి దెబ్బకు అడుగున ఉన్న ఉక్కు అంతా ఎదురు నిలుస్తుంది కనుక దెబ్బ వృథా కాదు.

కొలిమికి లారీ బ్రేకు డ్రమ్ము వాడాను. లోపల బంకమట్టి, ఇసుక కలిపి మెత్తి, అడుగున గాలి గొట్టం అమర్చి, చేతితో తిప్పే పంకా బిగించాను. ఇక్కడ నేను చేసిన తప్పును వివరంగా చెప్పాలి. గాలి గొట్టానికి ఇంట్లో మిగిలిన నీళ్ల పైపు ముక్క వాడాను, దానికి జింకు పూత ఉంది. జింకు 907 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది, కొలిమి నోటి దగ్గర వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది. రెండో రోజు మంటలో ఆకుపచ్చ ఛాయ, పైన తెల్లని దూది పింజల్లాంటి పొగ కనిపించినా నేను బొగ్గు లక్షణమే అనుకున్నాను. ఆ రాత్రి చలి, వణుకు, జ్వరం వచ్చి మరునాటి సాయంత్రానికి గాని తగ్గలేదు. పూత లేని నల్ల ఇనుప గొట్టం మాత్రమే వాడాలి. పూత ఉన్న రేకులు, బోల్టులు, క్రోమియం పూత ఉన్న కడ్డీలు కొలిమి దగ్గరకు కూడా రానివ్వకూడదు.

బొగ్గుకు మాకు కొదువ లేదు. మా వైపు బీళ్లన్నీ సర్కారు తుమ్మే, కాల్చి బొగ్గు చేసి అమ్మేవారు ఉన్నారు. పెద్ద ముక్కలను వక్కకాయ సైజుకు పగలగొట్టి, బూడిద జల్లించి వాడితే మంట సమంగా నిలుస్తుంది. మూడు గంటల పనికి నాకు 6 నుంచి 7 కిలోలు ఖర్చవుతోంది.

తొలి నెలలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది సుత్తి కాదు, వెలుతురు. మిట్టమధ్యాహ్నం ఎండ పడే చోట కాగిన ఇనుము ఎంత వేడిగా ఉన్నా నల్లగానే కనిపిస్తుంది. దానితో అవసరానికి మించి కాల్చి, నిప్పురవ్వలు చిమ్ముతూ మండిపోయిన రెండు ముక్కలను పారవేశాను. పక్క ఊరిలో ఇప్పటికీ కొలిమి నడుపుతున్న పెద్దాయన దగ్గరకు వెళ్లి అడిగినప్పుడు ఆయన నన్ను సాయంత్రం దాకా కూర్చోబెట్టి, దీపాలు పెట్టే వేళకు ఒక పార ముక్కను కొలిమిలోంచి తీసి చూపించారు.

"చూడు నాయనా, ఇదిగో చామంతి రంగు, ఇప్పుడు గట్టిగా కొట్టు. మోదుగుపూవు రంగుకు దిగితే సర్దుకోవడానికి రెండు చిన్న దెబ్బలు వెయ్యి. దానిమ్మ గింజ రంగు వస్తే ఇక సుత్తి ఎత్తొద్దు, మళ్లీ నిప్పులో పెట్టు."

"ఆచారి గారూ, ఈ ఛాయలు నాకు పగలు కనపడటం లేదండీ" అన్నాను.

"పగలు ఎవరికి కనపడుతుంది? అందుకే కదా కొలిమిని చీకటి మూలన పెట్టేది" అన్నారాయన.

ఆ రోజు నుంచి కొట్టానికి పడమటి వైపు గోనెపట్టా కట్టి, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకే పని చేస్తున్నాను. రోహిణీ కార్తె ఎండలకు కూడా ఈ వేళ సరిపోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. పాత ఇనుముతో పని నేర్చుకునేవారికి సుత్తి పట్టడం కన్నా ముందుగా, చేతిలో ఉన్న ముక్క ఎటువంటి ఉక్కో తెలుసుకోవడం ముఖ్యమని నాకు అర్థమైంది. గుట్టలో పడి ఉన్న ముక్క మీద పేరు రాసి ఉండదు, అమ్మేవారి మాట నమ్మడానికి లేదు. ఒక కొట్టులో కమాను పట్టీ (లారీల బరువు మోసే వంపు తిరిగిన స్ప్రింగు పట్టీ) అని నమ్మకంగా చెప్పి ఇచ్చిన ముక్క మామూలు మెత్తని పట్టీ అని ఇంటికి వచ్చాక తేలింది. నేను ఇప్పుడు ప్రతి ముక్కకూ రెండు పరీక్షలు చేస్తున్నాను. మొదటిది, చీకటిలో గ్రైండరు చక్రానికి ఆనించి రవ్వలను చూడడం. ఇళ్లు కట్టే టీఎంటీ కడ్డీ రవ్వలు పొడవాటి గీతలుగా సాగి, కొసన ఒకటో రెండో చీలికలతో ఆరిపోతాయి. కమాను పట్టీ రవ్వలు మధ్యలోనే పువ్వుల్లా విచ్చుకుంటాయి. పాత ఆకురాయి (ఇనుమును రాసే ఉక్కు ఫైలు) రవ్వలు కాకరపువ్వొత్తిలాగా చక్రం దగ్గరే గుత్తులు గుత్తులుగా చిట్లుతాయి. కర్బనం పెరిగేకొద్దీ రవ్వ చిట్లడం పెరుగుతుంది. టీఎంటీ కడ్డీలో అది 0.30 శాతానికి మించకుండా ఉంటుంది, కమాను పట్టీలో సుమారు 0.5 నుంచి 0.6 శాతం వరకు, ఆకురాయిలో ఒక శాతానికి పైన ఉంటుంది.

రెండో పరీక్ష ఇంకా నమ్మకమైనది. ముక్క కొసన వేలెడంత కోసి, మోదుగుపూవు రంగుకు కాల్చి, నూనెలో ముంచి, చల్లారాక వైస్‌లో బిగించి సుత్తితో కొడతాను. వంగిపోతే అది ముంచినా గట్టిపడని ఇనుము, కొక్కేలకు, బొగ్గు కదిపే కడ్డీలకు వాడుకోవచ్చు. గాజులాగా ఫటుక్కున విరిగి, విరిగిన చోట సన్నని బూడిదరంగు నలుసులు కనిపిస్తే అది కత్తికి, ఉలికి పనికి వస్తుంది.

పాత కమాను పట్టీలతో మరొక చిక్కు ఉంది. ఏళ్ల తరబడి బరువు మోసి వంగిన ఉక్కులో కంటికి కనిపించని నెర్రెలు ఉండవచ్చు. తుప్పు గీకి, డీజిలు పూసి, పావుగంట తరువాత పొడిగా తుడిచి సుద్దపొడి చల్లితే, నెర్రె ఉన్న చోట డీజిలు ఊరి వెంట్రుకవాసి తడి గీత తేలుతుంది. నేను తెచ్చిన ఐదు పట్టీలలో ఒకదానికి, నడిమి బోల్టు రంధ్రం పక్కనే, అటువంటి గీత తేలింది.

డిసెంబరులో కొక్కేలు, జనవరిలో 12 మిల్లీమీటర్ల కడ్డీతో రెండు పట్టకార్లు చేశాను. మొదటి పట్టకారు రివెట్టు దగ్గర పలచబడి విరిగింది, రెండోది ఇప్పటికీ పనిచేస్తోంది. ఫిబ్రవరిలో మినీ లారీ కమాను పట్టీతో కత్తి చేయబోయాను. మూడు వారాల శ్రమ తరువాత, ఆచారి గారు నాగలి కర్రును నీళ్లలో ముంచడం చూసిన గుర్తుతో నేనూ దానిని నీళ్లలో ముంచాను. ముంచిన క్షణంలోనే "టింగ్" అని సన్నని చప్పుడు వినిపించింది. తీసి చూస్తే వాదర (కోసే అంచు) నుంచి వెన్ను దాకా నిలువునా నెర్రె విచ్చి ఉంది. కమాను పట్టీలో సిలికాన్, మాంగనీస్ వంటివి కలిసి ఉండడం వల్ల అది నూనె వేగానికే గట్టిపడుతుంది. నీళ్లలో అంతకన్నా వేగంగా చల్లారి పైపొర ముందు గట్టిపడిపోతుంది, లోపలిది ఆ తరువాత మారుతూ ఉబ్బేసరికి పైపొర చీలుతుంది. ఆచారి గారు వాడే కర్రు ఉక్కు వేరు, ఆయన ముంచేది మొన ఒక్కటే. ఆ తేడా అడిగి తెలుసుకోకుండా చేయడం నా పొరపాటు.

ఏప్రిల్‌లో మా అమ్మ కోసం కత్తిపీట అలుగు (కోసే బ్లేడు) మొదలుపెట్టాను. 7 మిల్లీమీటర్ల మందం, 6 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పట్టీని 37 సార్లు కాల్చి సాగగొడితే వెన్ను 4 మిల్లీమీటర్లకు వచ్చింది. వాదరను మాత్రం ఒకటిన్నర మిల్లీమీటరు మందంగానే వదిలాను. నిప్పులో పైపొర కర్బనాన్ని కోల్పోతుంది కాబట్టి ఆ పొరను తరువాత సానపట్టి తీసివేయాలి. పైగా సన్నని వాదర ముంచేటప్పుడు వంకర తిరుగుతుంది. పీట చెక్కకు బిగించే రెండు రంధ్రాలను, ఉక్కును నూనెలో ముంచి గట్టిపరచకముందే తొలిచాను. తరువాత మూడుసార్లు కాల్చి, ప్రతిసారీ గాలిలో చల్లారనిచ్చి, సుత్తి దెబ్బల వల్ల లోపల నిలిచిన బిగువును పోగొట్టాను.

వేడి చూడడానికి పాత స్పీకరు అయస్కాంతాన్ని తీగకు వేలాడదీశాను. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆ ఉక్కు మీద చిటికెడు ఉప్పు చల్లితే 801 డిగ్రీల దగ్గర కరిగి మెరుస్తుంది. ఉప్పు కరిగిన తరువాత ఇంకొక ఛాయ పైకి రానిచ్చి, 50 డిగ్రీలకు వేడిచేసి ఉంచిన 8 లీటర్ల వేరుశనగ నూనెలో వెన్ను పక్కలకు వాలకుండా నిటారుగా ముంచాను. నూనె ఒక్కసారి భగ్గుమంటుంది కాబట్టి ఇనుప మూత, ఇసుక బకెట్టు చేతికందే దూరంలో ఉండాలి, నీళ్లు ఉండకూడదు. వాడిన ఇంజను ఆయిలు పొగ ఒంటికి మంచిది కాదు, దానిని వాడవద్దు. పైకి తీసి చిట్టెం (కాలి పెళుసుబారిన పైపొర) గీకి ఆకురాయి పెడితే, గాజు మీద రాసినట్లు పట్టు దొరకకుండా జారిపోయింది. ఆ జారుడు చేతికి తెలిసిన క్షణం ఈ ఎనిమిది నెలల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ సంతోషం కలిగించింది.

ఆ స్థితిలో ఉక్కు కింద పడినా విరుగుతుంది, అందుకే గంట లోపలే వంటింటి ఓవెన్‌లో 220 డిగ్రీల దగ్గర, గంట చొప్పున రెండుసార్లు ఉంచాను. ఓవెన్ మీటరును నమ్మకుండా లోపల విడిగా థర్మామీటరు పెట్టి చూస్తే 15 డిగ్రీల తేడా ఉంది. మెరుగు పెట్టిన చోట పండిన వరిగడ్డి రంగు వచ్చింది. అదే ఉలి అయితే ఇంకొంత వేడి చేసి వంగపువ్వు రంగు దాకా రానిస్తాను, సుత్తి దెబ్బలు తినే పనిముట్టుకు కాఠిన్యం కన్నా ఓర్పు ఎక్కువ కావాలి.

మే 18 నుంచి అమ్మ ఆ కత్తిపీటనే వాడుతోంది. చింతకాయ, మామిడికాయ కోస్తే అలుగు నల్లబడుతుంది, అది ఈ ఉక్కు స్వభావం. కోసిన వెంటనే కడిగి, తుడిచి, కొబ్బరినూనె చుక్క రాయాలని చెప్పాను. 40 రోజుల్లో ఒక్కసారే సానరాయి అవసరమైంది. వెన్ను దగ్గర ఒక చోట సుత్తి గుంట మిగిలిపోయింది, దానిని సానపట్టి తీసివేస్తానంటే అమ్మ ఉండనివ్వమంది. వచ్చే నెల ఆచారి గారి దగ్గర కక్కుకొడవలికి పళ్లు కొట్టడం నేర్చుకోవాలి. దానికి కావలసిన సన్నని ఉలిని జీపు కాయిల్ స్ప్రింగుతో ఈ వారమే చేసి పెట్టుకున్నాను.