రెండు లక్షల పన్నెండు వేల కిలోమీటర్ల డిజైర్

మా అమ్మకు వారానికి మూడు రోజులు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డయాలసిస్. మంగళ, గురు, శని. పాకాల నుంచి తిరుపతికి పోను నలభై, రాను నలభై కిలోమీటర్లు. మొదట్లో బస్సులోనే పోయేవాళ్లం. పోయేటప్పుడు ఫర్వాలేదు. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి వచ్చాక మాత్రం అమ్మ బస్టాండులో పది నిమిషాలు కూడా నిలబడలేకపోయేది. దాంతో బాడుగ కారు మాట్లాడుకున్నాం. ట్రిప్పుకు 1,500. నెలకు పదమూడు ట్రిప్పులు లెక్కేస్తే 19,500. నేను ఇంట్లో బట్టలు కుట్టి సంపాదించేది దాదాపు అంతా ఆ బాడుగకే పోతోంది.

డ్రైవింగ్ లైసెన్సు నాకు నాలుగేళ్ల కిందటే వచ్చింది. పాత కారు ఒకటి కొందామని ఒక రాత్రి కొలతల పుస్తకంలోనే లెక్క వేశాను. డీజిల్ కారు లీటరుకు పద్దెనిమిది ఇచ్చినా, ఎనభై కిలోమీటర్లకు నాలుగున్నర లీటర్లు, అంటే 440 రూపాయలు. నెలకు ఆరు వేల లోపు. రిపేర్లకు, ఇన్సూరెన్సుకు నెలకు నాలుగు వేలు పక్కన పెట్టినా దాదాపు పది వేలు మిగులుతుంది. మూడున్నర లక్షల్లో మంచి బండి దొరికితే మూడేళ్లలో దాని డబ్బు అదే తెచ్చుకుంటుంది. కానీ ఆ మూడేళ్లు అది దారిలో ఆగకూడదు. అమ్మను వెనక కూర్చోబెట్టుకుని ఎండలో రోడ్డు పక్కన నిలబడే పరిస్థితి రాకూడదు. నాకు కావాల్సింది ఇదొక్కటే.

తిరుపతిలో పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో మొదట చూసింది పెట్రోల్ కారు. 2016 మోడల్, తమిళనాడు నంబరు, మీటరు మీద 58,000. అద్దంలా మెరుస్తోంది. 3,60,000 చెప్పారు. తిరిగింది తక్కువ కదా అని తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్లో "అక్కా, అదే తీసుకో" అన్నాడు. నేనూ తీసుకునేదాన్నే. డ్రైవరు సీటు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

ఇరవై రెండేళ్లుగా మిషన్ తొక్కుతున్నదాన్ని. కుట్టు చూస్తే పాతదో కొత్తదో చెప్పగలను. సీటు గుడ్డ కంపెనీదే, దారం మాత్రం కొత్తది. పాత సూది రంధ్రాలు అక్కడక్కడా ఖాళీగా కనిపిస్తున్నాయి, కొత్త కుట్టు వాటి పక్కన నడిచింది. ఎవరో సీటు గుడ్డ మొత్తం విప్పి, ఉతికి, మళ్లీ కుట్టారు. నాలుగు సీట్లూ అంతే. యాభై ఎనిమిది వేలు తిరిగిన కారుకు ఆ పని ఎందుకు పడింది?

ఇది చెప్పగానే, వెంట వచ్చిన మా మెకానిక్ అన్న సీటు బెల్టును చివరిదాకా లాగాడు. రోజూ మనం లాగేంత మేర శుభ్రంగా ఉంది. లోపల చుట్టుకుని ఉండే చివరి జానెడు మీద అడ్డంగా మట్టి గీత. సీటు జరిగే పట్టాల కింద వేలు పెట్టి తీస్తే తుప్పు పొడి. "నీళ్లలో మునిగిన బండి అమ్మా ఇది. ఇంజిన్ ఇప్పుడు బాగానే తిరుగుతుంది. వైరింగు ఎప్పుడు ఎక్కడ పోతుందో చెప్పలేం" అన్నాడు. చెన్నైలో 2015 డిసెంబరులో, మళ్లీ 2023 డిసెంబరులో ఎన్ని కార్లు మునిగాయో మనందరం టీవీల్లో చూశాం. మన తిరుపతిలోనే 2021 నవంబరు వానలకు వీధులు కాలువలయ్యాయి. ఆ బండ్లన్నీ ఏమయ్యాయని అప్పుడు నేనెప్పుడూ ఆలోచించలేదు. మీటరు సంగతి కూడా అనుమానమే. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు అరిగి నున్నగా ఉన్నాయి. వేరే రాష్ట్రం బండి కాబట్టి అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ ఖర్చు వేరే. బయటికి వచ్చేశాం.

రెండోది పీలేరులో. 2013 మారుతి డిజైర్ డీజిల్, ఏపీ 03 నంబరు. అప్పటికి పీలేరు కూడా చిత్తూరు జిల్లానే. మీటరు మీద 2,12,000. ఓనరు యాభై ఐదేళ్ల మనిషి, టమాటా వ్యాపారం. బెంగళూరుకు తిరిగిన బండి. 3,40,000 చెప్పాడు. రెండు లక్షలు దాటిందనగానే తమ్ముడు ఫోన్ పెట్టేసినంత పని చేశాడు.

ఆయన లోపలికి వెళ్లి ఒక చీరల కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పన్నెండేళ్ల సర్వీసు బిల్లులు. ప్రతి బిల్లు మీదా తేదీ, కిలోమీటర్లు. అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ వరసగా పేర్చాను. ఏడాదికి పదిహేడు, పద్దెనిమిది వేల లెక్కన అంకె పెరుగుతూనే వచ్చింది. ఎక్కడా వెనక్కి పోలేదు. 1,24,000 దగ్గర క్లచ్ మార్చారు. 1,61,000 దగ్గర టైమింగ్ చైన్. ఆ బిల్లు చూడగానే మెకానిక్ అన్న ముఖం వెలిగింది. ఈ 1.3 లీటర్ల ఇంజిన్‌లో వాల్వులను నడిపేది బెల్టు కాదు, ఈ చైనే. అది సాగితే పొద్దున స్టార్ట్ చేయగానే గలగలమంటుంది, పట్టించుకోకుండా తోలితే ఇంజినే పోతుంది. స్విఫ్ట్‌కూ, ఇండికా విస్టాకూ, పుంటోకూ ఇదే ఇంజిన్. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లు ఆపేసినా, సామాన్లు ఇప్పటికీ ఎక్కడైనా దొరుకుతున్నాయి.

పొద్దున బండి స్టార్ట్ చేయొద్దని ముందురోజే ఫోన్ చేసి చెప్పాం. వెళ్లగానే అన్న బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. తాళం తిప్పితే రెండో చుట్టుకే అందుకుంది, గలగల లేదు. మొదట్లో కొంచెం నల్లపొగ వచ్చి తగ్గిపోయింది. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు, తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతున్నట్టు అని చెబుతూ, ఇంజిన్ తిరుగుతుండగానే ఆయిల్ మూత విప్పి, తిరగేసి, ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టాడు. మూత సన్నగా వణికింది, ఎగరలేదు. పిస్టన్ రింగులు అరిగిపోయి ఉంటే లోపలి గాలి దాన్ని తన్నేసేదట. మూత లోపలి వైపు వేలితో తుడిచి చూపించాడు. నల్లటి ఆయిలే, కూలెంట్ కలిస్తే కనిపించే వెన్నలాంటి తెల్లటి పేస్టు లేదు. నాకు ఆ పొద్దున అన్నిటికంటే ధైర్యమిచ్చింది ఆ వణికిన మూతే.

తర్వాత భాకరాపేట ఘాట్ దిగి, మళ్లీ ఎక్కాం. దిగేటప్పుడు బ్రేకు తొక్కితే ఒక పక్కకు లాగలేదు. ఎక్కేటప్పుడు మూడో గేరులో ఇంజిన్ ఇబ్బంది పడలేదు. కాకపోతే ఇంజిన్ శబ్దం పెరిగినంతగా బండి వేగం పెరగడం లేదు. క్లచ్ జారుతోంది. గుంతల్లో ముందు చక్రాల దగ్గర టకటక.

డబ్బు ఇచ్చే ముందు అమ్మను కూర్చోబెట్టి చూడాలని నేను పట్టుబట్టాను. ఆదివారం తీసుకెళ్లాను. అమ్మకు ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, ఎడమ చేతికి ఉంది, ఆ చేత్తో బరువు లాగకూడదు. డ్రైవరు పక్కన కూర్చుంటే తలుపు ఎడమ వైపే ఉంటుంది. అందుకే నా వెనక సీటులో, కుడిచేత్తో తలుపు వేసుకునే వైపు కూర్చోబెట్టాను. ఏసీ వేసి పావుగంట ఆగాం. అమ్మ కళ్లు మూసుకుని, "కాళ్ల కింద అదురుతోంది నాయనా" అంది. మా ఇద్దరికీ తోచనిది అమ్మ అరికాళ్లకు తెలిసింది. ఇంజిన్ అదురు బండికి తగలకుండా ఆపే రబ్బరు మౌంటింగ్‌లు పోయాయి.

అక్కడే కాగితం మీద రాశాం. క్లచ్ 11,000, ముందు టైర్లు రెండు 8,500, ఆ టకటకకు సస్పెన్షన్ బుష్‌లు 7,000, మౌంటింగ్‌లు 5,000, ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ 4,500, ఇంజిన్ బయట తిరిగే బెల్టులు 2,000. మొత్తం 38,000. ఆ కాగితం ఓనరు చేతికిచ్చాను. ఆయన చదివి, "క్లచ్ సంగతి నిజమేనమ్మా, నాకూ తెలుసు" అన్నాడు. 3,05,000కు ఒప్పుకున్నాడు. ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయింది, కానీ ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 పెట్టి ఆ పేరు తీయించాకే మిగతా డబ్బు ఇస్తానన్నాను. చలాన్లు రెండు ఉంటే ఆయనే కట్టాడు. ఇన్సూరెన్సును పద్నాలుగు రోజుల్లోపే నా పేరుకు మార్పించుకున్నాను. ఈ పనుల్లో ఒక్కటి కూడా రేపటికి వాయిదా వేయొద్దని కొనేవాళ్లందరికీ చెబుతాను. ఆర్‌సీ 2028 వరకు ఉంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి.

పనులన్నీ అయ్యాక మొదటి మంగళవారం తిరిగి వస్తుంటే, చంద్రగిరి దాటకముందే అమ్మ నిద్రపోయింది. పాకాల రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు కూడా లేవలేదు.

కొలతల పుస్తకం చివరి పేజీ నుంచి కారు లెక్క మొదలుపెట్టాను. పాత బిల్లులు అదే చీరల కవరులో, నా బిల్లులు వాటి మీద. ఆయిల్ 2,12,500 దగ్గర మార్చాం. పది వేల కిలోమీటర్ల దాకా ఆగొద్దు, ఏడున్నర వేలకే మార్చేయమని అన్న చెప్పాడు. ఈ శనివారానికి మీటరు 2,15,700. నాలుగు వేల మూడు వందలు మిగిలింది.