వాలీబాల్ స్తంభాలు కదలకుండా, కానీ తీసి పెట్టుకునేలా

మనం చాలా గ్రౌండ్లలో స్తంభాన్నే నేరుగా కాంక్రీట్‌లో పాతేస్తాం. తుప్పు పడితే మార్చలేం, వేరే ఆటలకు అడ్డం. దానికంటే భూమిలో ఒక గొట్టం పాతి, స్తంభాన్ని అందులో దించడం ఎంతో మేలు.

స్తంభానికి రెండున్నర అంగుళాల జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపు (బయటి వ్యాసం 76 మి.మీ.), గొట్టానికి మూడు అంగుళాల పైపు (లోపలి వ్యాసం దాదాపు 80 మి.మీ.) సరిగ్గా సరిపోతాయి. 6 మీటర్ల పైపును సగానికి కోస్తే రెండు స్తంభాలు. 50 సెం.మీ. లోపలికి పోయినా పైన 2.5 మీటర్లు మిగులుతుంది; పురుషుల నెట్ ఎత్తు 2.43 మీటర్లే.

గుంతల మధ్య 11 మీటర్లు. ఒక్కోటి 45 సెం.మీ. చదరం, 75 లోతు. నల్లరేగడి ఉబ్బి కాంక్రీట్ దిమ్మను పైకి నెడుతుంది కాబట్టి అక్కడ ఇంకా లోతుగా, అడుగున వెడల్పుగా తవ్వండి.

అడుగున 15 సెం.మీ. కంకర తప్పనిసరి. 60 సెం.మీ. గొట్టాన్ని, రెండు కొసలూ తెరిచే ఉంచి, కాస్త కంకరలోకి గుచ్చాలి. అప్పుడే వాననీరు ఇంకుతుంది, సిమెంట్ పాలు లోపలికి రావు. కింది నుంచి 10 సెం.మీ. దగ్గర ఒక ఇనుప కడ్డీ అడ్డంగా వెల్డింగ్ చేయించండి. స్తంభం దానిమీద ఆగుతుంది, మట్టి కిందికి జారిపోతుంది.

నెట్ బిగిస్తే స్తంభాలు లోపలికి వంగుతాయి. అందుకే గొట్టం పైకొసను ఒక సెంటీమీటరు బయటికి వాల్చి 1:2:4 (సిమెంట్, ఇసుక, కంకర) కాంక్రీట్ పోయండి. గుంతకు దాదాపు బస్తా సిమెంట్. గోనెసంచి కప్పి వారం తడపాలి, రెండు వారాలదాకా నెట్ లాగొద్దు.

స్తంభం తీయగానే మూత పెట్టండి. తెరిచిన గొట్టంలో పిల్లల కాలు ఇరుక్కుంటుంది.